కడిగేసిన నేల మీద ముందు లుమినాలా, ముందు స్వాబా?

నాగావళి:
రాయగడ, గుణుపురం పల్లెల్లో పేడతో అలికిన మట్టి నేలలూ ఉన్నాయి, పాత ఎర్ర గచ్చులూ ఉన్నాయి. అలాంటి చోట రక్తం కడిగేశాక, దాని జాడ తగిలితే చీకట్లో వెలిగే రసాయనమైన లుమినాల్ చల్లితే డీఎన్‌ఏ పోతుందని కొందరు, చల్లకపోతే మరకే దొరకదని కొందరు. ఏది సరి?

మహేంద్రగిరి:
పోయేది లుమినాల్ వల్ల కాదండీ, నీళ్ళ వల్ల. లుమినాల్ కలుపుకునే ఒక పద్ధతి గ్రాడ్‌స్కీ మిశ్రమం, అంటే 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌కి లుమినాల్ 0.1 గ్రాము, సోడియం కార్బొనేట్ 5 గ్రాములు, సోడియం పెర్బొరేట్ 0.7 గ్రాము. ఇది డీఎన్‌ఏని పెద్దగా చెడగొట్టదు. గోడ మీద ధార కట్టేలా కొడితే మాత్రం ఉన్న కాస్త మరకా కిందికి జారిపోతుంది. సన్నని తుంపర ఒక్క పొర చాలు. వెలుగు అర నిమిషంలో నీరసపడుతుంది, కాబట్టి కెమెరా ముందే స్టాండు మీద ఉండాలి. మిశ్రమం అప్పటికప్పుడు కలుపుకోవాలి, రేపటికి దాచుకుంటే పనికిరాదు.

వంశధార:
బాగానే ఉంది గానీ, వెలిగిందల్లా రక్తమేనా? వానాకాలంలో బావుల్లో, కాలవల్లో బ్లీచింగ్ పౌడర్ వేస్తారు. గచ్చంతా ఒకేసారి తళుక్కుమని ఆరిపోతే ముందు క్లోరిన్‌ని అనుమానించాలి. రాగి, తుప్పు, ముల్లంగి రసం కూడా వెలిగిస్తాయి.

కంటికి కనబడే మరక మీద లుమినాల్ చల్లడం నా దృష్టిలో తప్పే. ముందు స్కేలు పెట్టి ఫోటో. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో తడిపిన స్వాబ్ (మరకని అద్ది తీసే దూది పుల్ల), వెంటనే పొడి స్వాబ్. రక్తం కావచ్చా అని రంగుతో చూసే కాసిల్-మేయర్ పరీక్షకి ఆ మరక అంచు నుంచి కాస్త అద్దితే చాలు: ఇథనాల్ చుక్క, ఫినాఫ్తలీన్ రీఏజెంట్ చుక్క, కొన్ని క్షణాలు ఆగి చివర్న పెరాక్సైడ్ చుక్క. పెరాక్సైడ్ పడకముందే గులాబీ రంగు తిరిగితే ఆ పరీక్ష చెల్లదు. నిమిషం దాటాక వచ్చిన రంగూ అంతే, గాలికే వచ్చేస్తుంది. మేక రక్తానికైనా కోడి రక్తానికైనా ఇదే గులాబీ, పండగకి పెరట్లో ఏం కోశారో అడగాల్సిందే. మనిషిదో కాదో తేల్చడానికి హిమోగ్లోబిన్ స్ట్రిప్ వేరే ఉంది.

మహేంద్రగిరి:
కనబడే మరక సంగతి ఒప్పుకున్నా. ఏమీ కనబడని గచ్చు మీద స్వాబ్ ఎక్కడ పెడతారు మరి? గదంతా తుడుస్తారేటి?

ఇంద్రావతి:
ఇద్దరూ ఒక లెక్క వదిలేశారు. లుమినాల్‌ని వెలిగించేది ఎర్రకణాల్లోని ఇనుము, డీఎన్‌ఏ ఇచ్చేది తెల్లకణాలు. మైక్రోలీటరు రక్తంలో తెల్లకణాలు 4,000 నుంచి 11,000, ఒక్కో కణంలో డీఎన్‌ఏ దాదాపు 6.6 పికోగ్రాములు. అంటే సుమారు 26 నుంచి 73 నానోగ్రాములు. ఎవరి రక్తమో పోల్చే డీఎన్‌ఏ ప్రొఫైల్‌కి 0.5 నుంచి 1 నానోగ్రాము కావాలి, కాబట్టి చిక్కటి చుక్కకి ఢోకా లేదు. అదే రక్తం లక్ష రెట్లు పలచబడినా లుమినాల్ వెలుగుతుంది, కానీ అందులో మైక్రోలీటరుకి ఒక్క తెల్లకణం కూడా ఉండదు. వెలిగినా ప్రొఫైల్ రాలేదని ల్యాబ్‌ని తిట్టి లాభం లేదు.

మట్టి నేలతో ఇంకో తంటా. అందులోని హ్యూమిక్ ఆమ్లం, ల్యాబ్‌లో డీఎన్‌ఏకి నకళ్ళు తీసే పీసీఆర్‌ని ఆపేస్తుంది. బీఎస్ఏ అనే ప్రొటీన్ కలిపితే కొంత మేలు. మరక లేని నేల నుంచి పోల్చి చూసుకోడానికి కంట్రోల్ స్వాబ్ తప్పక తీయాలి. తడి స్వాబ్‌ని ప్లాస్టిక్ కవర్లో బిగిస్తే ఈ ముసురులో బూజు పట్టి డీఎన్‌ఏ ముక్కలవుతుంది. నీడలో ఆరబెట్టి కాగితం కవర్లో వెయ్యాలి.

వంశధార:
అలాగైతే లుమినాల్‌ని చోటు వెతకడానికే వాడదాం. కడిగిన నీళ్ళు దిగేది గచ్చు పగుళ్ళలోకి, గడప కిందకి. అక్కడ వెలిగితే పైపైన తుడవకుండా ఆ గచ్చు ముక్కనే ఊడదీసి పంపడం మేలు.