తెలుగు స్ట్రింగులకు లోపల యూటీఎఫ్-8 మేలా, యూటీఎఫ్-16 మేలా?

మెట్టుగూడ_బిట్:
సిటీ బస్సు స్టాపుల పేర్లన్నీ తెలుగులో మెమరీలో ఉంచే సర్వర్ సంగతి. గో భాష స్ట్రింగులను (అంటే టెక్స్టును) యూటీఎఫ్-8లో, జావా యూటీఎఫ్-16లో దాస్తాయి; రెండూ అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతులే. గోలో ఒక్కో తెలుగు కోడ్‌పాయింట్‌కు (అక్షరానికో, గుణింతం గుర్తుకో యూనికోడ్ ఇచ్చిన నంబరు) 3 బైట్లు, జావాలో 2. "సికింద్రాబాద్" అంటే 13 కోడ్‌పాయింట్లు: అక్కడ 39 బైట్లు, ఇక్కడ 26. మూడో వంతు ఎందుకు వదులుకోవాలి?

అమీర్‌పేట_పాయింటర్:
ఉత్త పేరు వరకైతే మీ లెక్క కరెక్టే. అదే స్ట్రింగులో జేసన్ కీలు, యూఆర్‌ఎల్ కూడా ఉంటే? జావా 9లో వచ్చిన కాంపాక్ట్ స్ట్రింగ్స్‌ది గంపగుత్త బేరం. మొత్తం లాటిన్-1లో (ఇంగ్లిష్, పశ్చిమ యూరప్ అక్షరాల పట్టికలో) ఇమిడితేనే అక్షరానికి 1 బైటు. ఒక్క తెలుగు అక్షరం దూరినా అన్నిటికీ 2. 1000 ఇంగ్లిష్ అక్షరాల మధ్య "సికింద్రాబాద్" పెట్టండి: యూటీఎఫ్-8లో 1039, జావాలో 2026.

ఉప్పల్_బైట్‌కోడ్:
పైథాన్ ఇంకా గమ్మత్తు. 3.3 నుంచి స్ట్రింగులో అన్నిటికంటే పెద్ద కోడ్‌పాయింట్‌ను చూసి 1, 2, 4 బైట్లల్ల ఒకటి ఎంచుకుంటది. తెలుగుకు 2. చివర ఒక్క బస్సు ఎమోజీ తగిలిస్తే అన్నీ 4కు పోతయ్. హెడర్ గాక 26 బైట్లున్నది 56 అయితది.

మెట్టుగూడ_బిట్:
అయినా తెలుగు పేర్లకు 2 బైట్ల లెక్కలో ఎన్నో కోడ్‌పాయింట్ కావాలంటే అది నేరుగా దొరుకుతుంది కదన్నా. యూటీఎఫ్-8ను 10 బైట్ల దగ్గర కోస్తే నాలుగో కోడ్‌పాయింట్‌లో ఒక్క బైటే మిగులుతుంది, చెత్త.

అమీర్‌పేట_పాయింటర్:
గోలో అంతే. రస్ట్ భాష అయితే అక్కడే పానిక్ అవుతుంది (ఎర్రర్ చెప్పి ఆగిపోతుంది), నన్నడిగితే అదే నయం. మరి యూటీఎఫ్-16 ఏం కాపాడింది? అదే పేరును 7 యూనిట్ల (2 బైట్ల ముక్కల) దగ్గర కోయండి: "సికింద్". బైట్లన్నీ సక్రమమే, లాగ్‌లో ఎర్రర్ ఉండదు, బోర్డు మీద మాత్రం ద్రా విరిగి కనిపిస్తుంది. కోత గ్రాఫీమ్ (చదివేవాళ్లకు ఒకే అక్షరంగా కనిపించే గుంపు, క్లస్టర్) హద్దుల దగ్గరే పడాలి, ఏ ఎన్‌కోడింగ్ అయినా సరే. అందులోనూ వెర్షన్ చూసుకోండి. ద్రాను ఒకే క్లస్టర్‌గా ఉంచే నియమం యూనికోడ్ 15.1లో, 2023లో వచ్చింది. దానికి ముందరి నియమాలు వాడే లైబ్రరీ ద్, రా అని విడదీసి, ఈ పేరులో గ్రాఫీమ్‌లు 5 రావాల్సిన చోట 6 చెబుతుంది.

నాంపల్లి_టేబుల్:
డేటాబేస్‌ను మరిచారు. ఒరాకిల్‌లో వార్‌క్యార్2(20) అనే టెక్స్ట్ కాలమ్ అంటే డిఫాల్ట్‌గా 20 బైట్లు. ఈ 39 బైట్ల పేరు ఓఆర్‌ఏ-12899 (పొడవు మించిందనే ఎర్రర్)తో ఆగిపోతుంది. 20 క్యార్ అని రాయాలి. మైఎస్‌క్యూఎల్‌లో ఆ 20 అక్షరాల లెక్కే.

మెట్టుగూడ_బిట్:
కోత విషయం ఒప్పుకున్నా, గ్రాఫీమ్ లైబ్రరీ పెడతా. పేర్లు మాత్రమే ఉండే టేబుల్‌కు మాత్రం ఆ 26 దగ్గరే ఉంటా.