వేరే రచయిత పాత్రతో నవల రాస్తే దొంగతనమేనా?

గోదారిగట్టు:
నా మాట సూటిగానే చెప్తాను. కాపీరైట్ ఉండగా ఒకరి పాత్రను ఎత్తుకెళ్లి నవల అమ్ముకోవడం తప్పు. 2009లో స్వీడన్ రచయిత ఫ్రెడ్రిక్ కోల్టింగ్, అమెరికా రచయిత శాలింజర్ నవల ‘ది క్యాచర్ ఇన్ ద రై’లోని కుర్రాడు హోల్డెన్‌ని 76 ఏళ్ల ముసలాయన్ని చేసి కథ నడిపారు. శాలింజర్ అప్పటికి బతికే ఉన్నారు. కేసు వేస్తే న్యూయార్క్ కోర్టు అమెరికాలో ఆ పుస్తకాన్ని ఆపింది. మళ్లీ పరిశీలించమని అప్పీలు కోర్టు వెనక్కి పంపినా, శాలింజర్ గెలిచే అవకాశమే ఎక్కువంది. ఇందులో అన్యాయం ఏముంది?

అక్షరాలబడి:
గోదారిగట్టు గారూ, ఆ కేసులో మీ మాటే నా మాట. కానీ అన్నిటినీ ఒకే గాటన కట్టకండి.

2001లో అట్లాంటాలో నడిచిన కేసు చూడండి. మార్గరెట్ మిచెల్ నవల ‘గాన్ విత్ ద విండ్’లో తోటలో పనిచేసే బానిసలు దొరల బాగే తమ బాగు అనుకునే మనుషులు. వాళ్ల మనసులో ఏముందో ఆ నవల పట్టించుకోదు. నల్లజాతి రచయిత్రి ఆలిస్ రాండల్ ‘ది విండ్ డన్ గాన్’లో ఆ తోట కథనే సినారా అనే కొత్త పాత్ర చేత చెప్పించారు. సినారా, పాత నవల నాయిక స్కార్లెట్ ఒకే తండ్రి బిడ్డలు. సినారా తల్లి మాత్రం ఆ ఇంటి బానిస, స్కార్లెట్‌ని పెంచిన మామీ. తన తల్లి ఒడి ఇంకో పిల్లకి దక్కిందన్న కడుపుమంట ఆ కథంతా ఉంటుంది. స్కార్లెట్ పేరైనా ఎత్తదు, ‘ఇంకొకతె’ అంటుంది.

మిచెల్ హక్కులు చూసే ట్రస్టు కోర్టుకెక్కింది. కింది కోర్టు పుస్తకాన్ని ఆపింది. మే 25న అప్పీలు కోర్టు ఆ ఆర్డరు కొట్టేసింది. ఇది పాత నవల మీద విమర్శ అని దాని లెక్క. 2002లో రాజీ కుదిరి, ప్రచురణకర్త మోర్‌హౌస్ కాలేజీకి విరాళం ఇచ్చారు.

మిచెల్ వారసుల అనుమతితో 1991లో ‘స్కార్లెట్’ అనే కొనసాగింపు వచ్చింది. అనుమతి దొరికేది అలాంటి వాటికే. సినారా కథకి వాళ్లు సరే అంటారా? ముందు అడిగి రాయమనడం, రాయొద్దనడంతో సమానం.

చెట్టుకిందచదువు:
మన దగ్గర సంగతేంటి? 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్లు హక్కు ఉంటుంది. గురజాడ 1915లో పోయారు కాబట్టి గిరీశంతో ఎవరైనా రాసుకోవచ్చు. చలం పోయింది 1979లో. ‘మైదానం’ అమీర్ వైపు నుంచి చెప్పాలంటే 2039 చివరిదాకా ఆగాలా?

గోదారిగట్టు:
ఆగితే తప్పేముంది? విమర్శించాలంటే వ్యాసం రాయొచ్చు. ‘విమర్శ’ అని అట్ట మీద వేసుకుంటే ప్రతి అమ్మకందారుడూ తప్పించుకుంటాడు.

అక్షరాలబడి:
అట్ట మీద మాటని కోర్టు నమ్మదండీ. కొత్త పుస్తకం పాతదాన్ని ఏమని ప్రశ్నిస్తోందో లోపలికెళ్లి చూస్తుంది. కోల్టింగ్ అక్కడే దొరికిపోయారు, రాండల్ అక్కడే నిలబడ్డారు. ఇక వ్యాసం సంగతి. మామీకి ఒక కూతురుందని వ్యాసంలో ఎలా చూపిస్తాం?

ఐడియా మీద హక్కు ఉండదని మన సుప్రీంకోర్టు 1978లోనే ఆర్.జి. ఆనంద్ కేసులో చెప్పింది. 1957 చట్టం సెక్షన్ 52లో విమర్శకి చోటుంది, పేరడీ (పాత రచనని అనుకరిస్తూనే దాన్ని ఎత్తిపొడవడం) అన్న మాట లేదు. అదొక్కటీ చేర్చాలి. అప్పటిదాకా అమీర్ కథ ఎవరైనా రాసినా, లాయర్ నోటీసుకి జడిసి వేసే ప్రచురణకర్త దొరకడు.