వెనక కాలు తీసేసిన కుందేలు, నాలుగో రోజు, సరిగ్గా తినట్లేదు... ఏం చెయ్యాలి?

బూరెగారెలమ్మ (విజయవాడ)

అందరికీ నమస్తే. ఇక్కడ కుందేళ్ళు పెంచేవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త త్వరగా చెప్పండి ప్లీజ్, రెండు రోజుల్నించి నిద్ర లేదు నాకు.

మా ఇంట్లో రెండు ఉన్నాయి, బూరె, గారె. అక్కాచెల్లెళ్ళు, రెండున్నరేళ్ళు. పది పన్నెండు రోజుల క్రితం రాత్రి బూరె వెనక ఎడమ కాలు కేజ్ అడుగున ఉండే ఇనప మెష్‌లో ఇరుక్కుపోయింది, అది గింజుకుని గింజుకుని మోకాలి కింద ఎముక విరగ్గొట్టుకుంది, పొద్దున పాలు తీసుకోడానికి లేచి చూస్తే కాలు వేలాడుతోంది. దగ్గర్లో ఉన్న క్లినిక్‌కి తీసుకెళ్తే కుక్కలకి కట్టినట్టు గట్టిగా కట్టు కట్టి వారం తర్వాత రమ్మన్నారు. నాలుగో రోజుకి పాదం చల్లగా అయిపోయింది, ఐదో రోజు వాసన. వేరే డాక్టర్ గారి దగ్గరికి పరిగెత్తాం, ఆయన కట్టు విప్పగానే "రక్తం ఆడట్లేదమ్మా, కాలు చచ్చిపోయింది, తియ్యకపోతే ప్రాణానికే వస్తుంది" అన్నారు. తొడ మధ్య దాకా తీసేశారు. ఆపరేషన్ అయ్యి ఇవాళ్టికి నాలుగో రోజు.

ఇప్పుడు సంగతేంటంటే కొత్తిమీర పెడితే రెండు కాడలు తింటోంది, ఎండుగడ్డి ముట్టట్లేదు, పెల్లెట్స్ (కుందేళ్ళ మేత గుళికలు) వాసన చూసి మొహం తిప్పేసుకుంటోంది. కుట్లు కొరక్కుండా మెడకి కోన్ పెట్టారు, దాంతో గోడలకి గుద్దుకుంటోంది. మాది టైల్స్ ఫ్లోర్, లేచి ఒక్క గెంతు వేద్దామని చూస్తుంది, జర్రున జారి ఎడం పక్కకి పడిపోతుంది, అలాగే పడుకుని నా వైపు చూస్తుంది, నాకు ఏడుపొచ్చేస్తోంది. నొప్పికి సిరప్ ఇచ్చారు, యాంటీబయాటిక్ ఇంజెక్షన్ రోజూ వెళ్ళి చేయించుకొస్తున్నాం. మా అత్తయ్యగారేమో "మూగజీవాన్ని ఎందుకే ఇంత హింస పెట్టడం, ఆ రోజే వదిలేస్తే పోయేదిగా" అంటున్నారు. నిజంగా హింస పెడుతున్నానా? పైగా ఇక్కడ ఎండలు చూస్తున్నారుగా. గారెని ఇంకో గదిలో పెట్టాం, అదొకటి తలుపు గీకుతూ కూర్చుంటోంది.

మూడుకాళ్ళచింటూ (హైదరాబాద్)

అక్కా ముందు కంగారు తగ్గించుకోండి. మా చింటూగాడికి 2021లో కుడి వెనక కాలు తీసేశారు, ఇప్పటికీ మా సోఫా ఎక్కి రిమోట్ వైరు కొరుకుతూనే ఉన్నాడు.

నాకు అప్పుడు ఎవరూ చెప్పని మాట ఒకటి చెప్తా. మనం కాలు కాలు అని ఏడుస్తూ ఉంటాం గానీ ఇప్పుడు దాని ప్రాణం కాల్లో లేదు, పొట్టలో ఉంది. కుందేలు పేగు రోజంతా నడుస్తూనే ఉండాలి. నొప్పికో భయానికో తినడం మానేస్తే పేగు నెమ్మదిస్తుంది, గ్యాస్ పడుతుంది, గ్యాస్‌తో ఇంకా నొప్పి, ఇంకా తినదు. కుందేళ్ళు ఆపరేషన్ బాగా జరిగి కూడా పోయేది ఎక్కువగా ఇలాగే. అందుకని కుట్ల వైపు గంటకోసారి చూడ్డం కాదు, పెంటికలు లెక్కపెట్టండి. సీరియస్‌గా చెప్తున్నా, పాత న్యూస్‌పేపర్ పరిచి పొద్దునకీ సాయంత్రానికీ ఎన్ని వేసిందో ఎంత సైజులో వేసిందో చూడండి. శనగల్లా గుండ్రంగా, పొడిగా ఉంటే హాయిగా ఉండండి. మిరియాల్లా చిన్నవైపోయినా, తగ్గిపోయినా జాగ్రత్తపడాలి. పది పన్నెండు గంటలు అసలేమీ తినకపోయినా, ఒక్కటి కూడా వెయ్యకపోయినా తెల్లారేదాకా ఆగొద్దు, ఆ డాక్టర్‌ని నిద్ర లేపండి.

రెండు కాడల కొత్తిమీర సరిపోదక్కా, మీరే తినిపించాలి. పెల్లెట్స్‌ని మిక్సీలో పొడి చేసి గోరువెచ్చని నీళ్ళలో నానబెడితే దోసెల పిండిలా అవుతుంది. సిరంజి ముక్కు కోసేసి (అంచు గరుగ్గా లేకుండా చూసుకోండి) ముందుపళ్ళ వెనక పక్కన ఖాళీ ఉంటుంది కదా, పక్క నుంచి అక్కడ పెట్టి కొంచెం కొంచెంగా వదలాలి. నమిలాక ఇంకొంచెం. వెల్లకిలా పడుకోబెట్టి మాత్రం పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. టవల్‌లో బొబ్బట్టు మడత పెట్టినట్టు చుట్టేసి ఒళ్ళో కూర్చోబెట్టుకోండి. ఎన్ని ఎంఎల్ అనేది బరువుని బట్టి డాక్టర్‌ని అడగండి, మాకు రోజుకి నాలుగైదు సార్లు పెట్టమన్నారు. ఇంకోటి, పొట్ట డోలులా గట్టిగా ఉబ్బి ఉంటే మాత్రం బలవంతంగా పెట్టకండి, ముందు చూపించండి.

ఇక ఫ్లోర్. అది పడిపోయేది కాలు లేక కాదక్కా, మీ టైల్స్ వల్ల! నాలుగు కాళ్ళున్న కుందేలు కూడా టైల్స్ మీద జారుతుంది, దాని పాదం కింద కుక్కకి ఉన్నట్టు మెత్తటి దిండ్లు ఉండవు, ఉత్త బొచ్చే. చింటూగాడు మొదట్లో మూడు రోజులు మూలన కూర్చున్నాడు, మా అమ్మ విసిగిపోయి పాత యోగా మ్యాట్ మీద దుప్పటి పరిచింది, ఐదు నిమిషాల్లో లేచి వంటింటి దాకా వెళ్ళాడు. మేం నోరెళ్ళబెట్టి చూశాం. మ్యాట్ మాత్రం కొరక్కుండా పైన గుడ్డ వెయ్యండి, రబ్బరు మింగితే అదో తలనొప్పి.

పశువైద్యం ఫైనలియర్

నేనింకా స్టూడెంట్‌నే, డాక్టర్‌ని కాదు, మీకు చూసే డాక్టర్ గారి మాటే ఫైనల్. కొన్ని విషయాలు మాత్రం చెప్తాను.

నొప్పి సిరప్ మెలాక్సికామ్ అయ్యుంటుంది. కుందేళ్ళ ఒంట్లో అది త్వరగా అరిగిపోతుంది, అందుకని కేజీ లెక్కన కుక్కల కంటే ఎక్కువ డోసు పడుతుంది. కుక్క లెక్క వేస్తే నొప్పి తగ్గదు, నొప్పి తగ్గకపోతే తినదు. మీరు సొంతంగా పెంచకండి, "సార్ ఈ డోసు కుందేలు లెక్కేనా, ఇంకేమైనా కలపాలా" అని అడగండి, తప్పేం లేదు. ఒళ్ళు ముడుచుకుని కళ్ళు సగం మూసుకుని పళ్ళు గట్టిగా పటపటా నూరుతోందంటే నొప్పి ఉన్నట్టు. నిమిరినప్పుడు మెల్లగా టిక్ టిక్ అని నూరడం వేరు, అది సంతోషం.

యాంటీబయాటిక్ ఇంజెక్షన్ అన్నారు, ఓకే. కానీ ఇంజెక్షన్‌కి రోజూ తిరగలేక మెడికల్ షాపులో అమాక్సిసిలిన్ సిరప్ తెచ్చి నోట్లో పొయ్యడం లాంటిది మాత్రం ఎప్పుడూ చెయ్యకండి. పెన్సిలిన్ జాతివి, క్లిండమైసిన్, ఇవి నోటి ద్వారా వెళ్తే కుందేలు పేగులో మంచి బ్యాక్టీరియా చచ్చిపోయి ప్రాణమే పోవచ్చు.

కోన్ గురించి. కుందేలు రాత్రిపూట, తెల్లవారుజామున మెత్తగా ద్రాక్షగుత్తిలా ఉండే పెంటికలు వేస్తుంది, వాటిని నేరుగా ఒంటి దగ్గర్నుంచే నోటితో అందుకుని తింటుంది. అసహ్యం అనుకోకండి, దాని బి విటమిన్లు, ప్రొటీన్ అందులోనే ఉంటాయి. కోన్ ఉంటే అందదు, కాలు లేక బ్యాలెన్స్ చాలకపోయినా అందదు. డాక్టర్ గారు ఒప్పుకుంటే మీరు పక్కన కూర్చున్నంతసేపూ కోన్ తీసెయ్యండి, కుట్లు కొరుకుతుంటేనే పెట్టండి. మెత్తటివి కింద పడిపోయి కనిపిస్తే చేత్తో నోటి దగ్గర పెట్టండి, చాలా కుందేళ్ళు తినేస్తాయి.

అన్నిటికంటే నాకు భయం వేసేది ఈగలు. ఎండాకాలం, గాయం, పైగా ఒక కాలు లేక వెనక భాగం సరిగ్గా ఎత్తదు కాబట్టి ఉచ్చ తడి బొచ్చుకి అంటుతుంది. ఈగ గుడ్లు పెడితే ఒక్క రోజులో పురుగులు పడతాయి, చర్మం లోపలికి తినేస్తాయి. రోజుకి రెండుసార్లు తోక కింద, కుట్ల చుట్టూ వేళ్ళతో విడదీసి చూడండి. తడి గుడ్డతో తుడిచి పొడిగుడ్డతో అద్దండి, స్నానం మాత్రం చేయించొద్దు. కిటికీలకి దోమల మెష్ ఉండాలి. కుక్కలకి పూసే పిడుదుల మందు, ఫిప్రోనిల్ ఉన్నది, కుందేలుకి విషం, అది అస్సలు వద్దు.

తెనాలి రైతు

అమ్మాయ్, నేను ఒకప్పుడు షెడ్డేసి యాభై అరవై కుందేళ్ళు పెంచినవాణ్ణి. ఇంత ఇంగ్లీషు మందులు అక్కర్లేదు. పుండు మీద పసుపు నూనెలో కలిపి రాయండి, పాలు బ్రెడ్డు పెట్టండి, నీరసం పోతుంది. గడ్డి తినకపోతే పచ్చి గరిక కోసుకొచ్చి పెట్టండి, మందు కొట్టని చోటు చూసుకుని. లేత గరిక పెడితే చావుబతుకుల్లో ఉన్న కుందేలు కూడా మూతి ఆడిస్తుంది. ఎండకి మట్టి కుండ పగిలింది ఉంటే ఆ పెంకులు నీళ్ళలో తడిపి వెయ్యండి, దాని మీద పొట్ట ఆనించుకుని పడుకుంటాయి. కింద గోనెపట్టా వెయ్యండి, జారదు.

పశువైద్యం ఫైనలియర్

బాబాయ్ గారూ గరిక, పెంకు, గోనెపట్టా ముమ్మాటికీ కరెక్టు, మా ప్రొఫెసర్లు కూడా అదే చెప్తారు (పట్టా పీచులు లేస్తే తీసెయ్యండి, గోళ్ళు చిక్కుకుంటాయి). కానీ పాలు బ్రెడ్డు వద్దండీ, పెద్ద కుందేలుకి పాలు అరగవు, బ్రెడ్డులో పిండి పేగులో గ్యాస్ చేస్తుంది, ఇప్పుడు అదే ప్రమాదం. పసుపు నూనె కూడా వద్దు, జిడ్డుకి దుమ్ము అంటుతుంది, కుందేలు నాకుతుంది, నాకినకొద్దీ కుట్లు ఊడతాయి. పొడిగా ఉంచడమే మందు.

తెనాలి రైతు

సరేనయ్యా డాక్టరు. గరిక మాత్రం పెట్టమనండి.

బూరెగారెలమ్మ

అందరికీ చాలా థ్యాంక్స్. బాబాయ్ గారు చెప్పినట్టు మా మావయ్యగారు కాలవ గట్టుకెళ్ళి గరిక తెచ్చారు, నమ్మండి నమ్మకపోండి, మూతి ఆడించింది! కడిగి ఆరబెట్టి పెట్టాను, గుప్పెడు తినేసింది. డాక్టర్ గారికి ఫోన్ చేసి డోసు అడిగితే బరువు చూసి కాస్త పెంచారు. సిరంజితో మొదటిసారి నా నైటీకి ఎక్కువ, దాని నోటికి తక్కువ వెళ్ళింది, రెండోసారికి చెయ్యి తిరిగింది. రాత్రి వేసిన పెంటికలు 40 పైనే, చిన్నవే గానీ ఉన్నాయి. హాల్లో సగం గోనెపట్టా, సగం పాత దుప్పట్లు, ఇల్లు బియ్యం గోడౌన్‌లా ఉంది, అత్తయ్యగారు పెదవి విరిచినా ఏమనలేదు.

గారె సంగతి చెప్పండి, కలపొచ్చా?

మూడుకాళ్ళచింటూ (హైదరాబాద్)

ఇప్పుడే ఒకే చోట వదలొద్దు, ఆడుకుంటూ మీదకెక్కితే కుట్లు తెగుతాయి. కానీ వేరే గదిలో పెట్టడం కూడా కరెక్ట్ కాదు, ఎక్కువ రోజులు దూరంగా ఉంటే హాస్పిటల్ వాసనకి ఒకదాన్నొకటి మర్చిపోయి తర్వాత కొట్టుకుంటాయి. మధ్యలో జాలీ పెట్టి పక్కపక్కనే పడుకోనివ్వండి. గడ్డి కూడా జాలీకి అటూ ఇటూ పెట్టండి, ఒకటి తింటుంటే రెండోదానికి ఆకలేస్తుంది, మన పిల్లల్లాగే.

ఇంకోటి రాయడం మర్చిపోయా, ఇది తర్వాత నెలల్లో పనికొస్తుంది. ఎడమ వెనక కాలు లేదు కాబట్టి ఎడమ చెవిని అదే గోక్కోలేదు. కుందేలు వెనక కాలితోనే చెవి శుభ్రం చేసుకుంటుంది కదా. ఆ చెవిలో గులిమి పేరుకుంటుంది, వారానికోసారి డాక్టర్ చూపించినట్టు తుడవాలి, ఇయర్‌బడ్ లోపలికి పెట్టొద్దు. మా చింటూకి మొదటిసారి ఆ చెవి మొదట్లో వేలితో గీరాను, వాడు తల వంచేసి కళ్ళు మూసుకున్నాడు, ఇటు పక్క ఆ మొండి కాలు టకటకటకా ఆడుతోంది, లేని పాదంతో గోక్కుంటున్నట్టు. నేను నవ్వానో ఏడ్చానో నాకే తెలీదు. ఇప్పుడు రోజూ రాత్రి తొమ్మిదింటికి వచ్చి తల నా కాలికి ఆనిస్తాడు, గీకమని. డ్యూటీ అన్నమాట.

మిగిలిన ఒక్క వెనక కాలి మడమ కింద బొచ్చు ఊడి ఎర్రబడుతోందేమో కూడా చూస్తూ ఉండండి, బరువంతా దాని మీదే. లావెక్కనివ్వొద్దు, అరటిపండు క్యారెట్ ముక్కలు ముద్దుకి కూడా తగ్గించండి. ఆ మెష్ అడుగున్న కేజ్ పాత సామాన్లవాడికి వేసేయండి, దయచేసి.

బూరెగారెలమ్మ

కేజ్ మొన్ననే వేసేశాం, తూకానికి 180 రూపాయలొచ్చింది, ఆ డబ్బుతో జాలీ కొన్నా.

లేటుగా అప్‌డేట్ ఇస్తున్నా, ఇవాళ పన్నెండో రోజు, కుట్లు తీశారు. బొచ్చు నూగులా వస్తోంది. ఎండుగడ్డి మొదలుపెట్టింది, సిరంజి ఆపేసి మూడు రోజులైంది. లిట్టర్ ట్రే (అది దొడ్డికెళ్ళే ట్రే) అంచు ఎత్తుగా ఉండి ఎక్కలేకపోతుంటే మా ఆయన ముందు వైపు కోసేసి అంచుకి టేపు వేశారు, ఇప్పుడు దర్జాగా వెళ్తోంది. ఫ్రిజ్‌లో బాటిల్ గడ్డకట్టించి గుడ్డ చుట్టి ఇస్తే దానికి ఆనుకుని పడుకుంటోంది, పెంకు మాత్రం గారె ఆక్రమించేసుకుంది.

చెవి కూడా గీరి చూశానండీ. నిజమే, ఆడుతోంది. అత్తయ్యగారు అక్కడే కూరగాయలు తరుగుతున్నారు, చూసి కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత కత్తిపీట పక్కన పెట్టి "ఇలా ఇవ్వు, నువ్వు సరిగ్గా గీకట్లేదు" అని తీసుకున్నారు.

చింటూ వాళ్ళమ్మగారు వాడిన యోగా మ్యాట్ ఎంత మందం ఉంటుందో కాస్త చెప్తారా, గోనెపట్టా పీచులు లేస్తున్నాయి.

మూడుకాళ్ళచింటూ (హైదరాబాద్)

6 ఎంఎం అక్కా. పైన దుప్పటి మర్చిపోకండి.