ఏథెన్స్ గుడ్లగూబ నాణెం, గాటు ఉన్నది కొనొచ్చా?

మ్యూనిక్‌బాబు:
అందరికీ నమస్తే. ఇన్నాళ్ళూ నిజాం చార్మినార్ రూపాయలు, బ్రిటిష్ ఇండియా వెండి పోగేశాను, ఇప్పుడు గ్రీకు వెండి మీదకి మనసు మళ్ళింది. ఆన్‌లైన్‌లో ఒకాయన ఏథెన్స్ టెట్రాడ్రాక్మ్ (గుడ్లగూబ బొమ్మ ఉండే పాత గ్రీకు వెండి నాణెం) 190 యూరోలకి ఇస్తానంటున్నాడు. ఫోటోలో ఒకవైపు ఎథీనా మొహం, రెండోవైపు గుడ్లగూబ రెండూ బానే ఉన్నాయి గానీ గుడ్లగూబ నెత్తి మీంచి ఉలితో కొట్టినట్టు లోతుగా గాటు ఉంది. బరువు 15.3 గ్రాములట. గాటు ఉంది కాబట్టే చవక, గాటు ఉందంటేనే అసలుదని గ్యారంటీ అంటున్నాడు. నమ్మొచ్చా?

పాతవెండి:
గాటు సంగతి తర్వాత, ముందు ఆ బరువేంటండీ బాబూ. ఏథెన్స్ డ్రాక్మ్ సుమారు 4.3 గ్రాములు, టెట్రాడ్రాక్మ్ అంటే నాలుగు డ్రాక్మ్‌లు, అంటే 17.2. క్రీ.పూ. 5వ శతాబ్దం రెండో సగంలో ఏథెన్స్ వాళ్ళు లారియన్ గనుల వెండితో ఇవి కుప్పలుతెప్పలుగా కొట్టారు కానీ తూకంలో మాత్రం తేడా రానిచ్చేవాళ్ళు కాదు, ఆ నమ్మకం మీదే కదా ఈజిప్ట్ దాకా చెల్లుబాటయ్యాయి. కాస్త అరిగినా 17కి అటూ ఇటూ ఉంటుంది, 15.3 అంటే నేనైతే అక్కడే ఆగిపోతా.

ఇక గాటు. లోపల రాగి ఉందేమోనని అప్పటి వ్యాపారులు ఉలితో కొట్టి చూసేవాళ్ళు, అంతవరకు నిజమే. కానీ గాటున్న అసలు నాణెం నుంచి మూస తీసి పోత పోస్తే గాటు కూడా దిగుతుంది కదా! దగ్గర్నుంచి తీసిన ఫోటో అడగండి, ఉలి దెబ్బైతే అంచులు పదునుగా ఉంటాయి, పోతలో మెత్తగా గుండ్రంగా కనిపిస్తాయి. నాణెం అంచు చుట్టూ కూడా ఫోటో తీయమనండి, అతుకు గీత గానీ, దాన్ని అరగదీసిన గుర్తు గానీ కనిపిస్తే ఇంక మాట్లాడక్కర్లేదు.

గూబగారు:
పై మాటకి ఒక చేర్పు. బరువు తక్కువైనంత మాత్రాన ఈమధ్య చేసిన నకిలీ అనుకోనక్కర్లేదు, రాగి మీద వెండి పొర వేసినవి ఆ కాలంలోనే ఉన్నాయి. ఏథెన్స్‌తో యుద్ధంలో స్పార్టా వాళ్ళు క్రీ.పూ. 413లో ఏథెన్స్ దగ్గరి డెకెలియాలో తిష్ట వేశాక గనుల పని దాదాపు ఆగిపోయింది, యుద్ధం చివర్లో ఏథెన్స్ ప్రభుత్వమే పూత నాణేలు వదిలింది. అలాంటిదైతే గాటు లోపల ఎర్రగానో ఆకుపచ్చగానో రాగి తొంగిచూడాలి. పూత నాణేలే ఏరి కొనేవాళ్ళూ ఉన్నారు, కానీ అప్పుడు ధర వేరు, వెండిదని చెప్పి అమ్మకూడదు.

తూకంరాళ్ళు:
నాణెం చేతికొస్తే లోపల వెండో రాగో గ్లాసు నీళ్ళతో తేల్చుకోవచ్చు. నగలు తూచే చిన్న కాటా మీద గ్లాసులో నీళ్ళు పోసి సున్నా చేసి, నాణేన్ని దారంతో కట్టి అడుగుకి తగలకుండా ముంచండి. 17.1 గ్రాముల మంచి వెండైతే కాటా 1.65 గ్రాముల దగ్గర చూపిస్తుంది (అది నాణెం పక్కకి నెట్టిన నీళ్ళ బరువు), లోపల రాగి ఉంటే 1.8 దాటొచ్చు. అయితే మంచి వెండితోనే చేసిన నకిలీని ఈ పరీక్ష పట్టలేదు, అందుకే వాపసు తీసుకునే డీలర్ దగ్గర, పాత వేలం బిల్లుతో సహా కొనడం మేలు. ఇంకోటి, మనింట్లో వెండి కుందులు తోమినట్టు చింతపండు పెట్టి తోమేయకండి ప్లీజ్, ఆ నలుపు పోతే విలువ సగం పోయినట్టే.

మ్యూనిక్‌బాబు:
థాంక్యూ అందరికీ. అంచు ఫోటో అడిగితే రెండు రోజులుగా ఉలుకూ పలుకూ లేదు, వదిలేశా. మరి తక్కువలో మొదలెట్టడానికి ఏదైనా చెప్పండి.

పాతవెండి:
మెనాండర్ డ్రాక్మ్ చూడండి. బౌద్ధ గ్రంథాల్లో మిలిందుడని వస్తాడే, ఆ ఇండో గ్రీకు రాజు. ఒకవైపు గ్రీకు అక్షరాలు, ఇంకోవైపు ఖరోష్ఠి, మధ్యలో పిడుగు విసురుతున్న ఎథీనా. ఏథెన్స్ డ్రాక్మ్ కన్నా తేలిక, బరువు 2.45 గ్రాముల దగ్గర, చాలాసార్లు వంద యూరోల లోపే వస్తుంది. నాకైతే గూబ కన్నా ఇదే ముద్దు.

గూబగారు:
అది అన్యాయం 😄 కొనండి కానీ సెలవులకి ఇండియా వచ్చేటప్పుడు ఇంట్లోవాళ్ళకి చూపిద్దామని జేబులో వేసుకు రాకండి. ఇక్కడి 1972 పురావస్తు చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన నాణెం ఏదైనా పురావస్తువే, ఇక్కణ్ణుంచి మళ్ళీ బయటికి తీసుకెళ్ళనివ్వరు. వీడియో కాల్‌లో చూపించండి చాలు.