సమస్యాపూరణం: గడ్డమే రాని బాలుండు కత్తిఁ గొలిచె

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య తేటగీతిలో చివరి పాదం.

గడ్డమే రాని బాలుండు కత్తిఁ గొలిచె

నియమం ఒక్కటే. కంప్యూటర్ ఆటల పోటీలకు డబ్బు పెట్టే కంపెనీల మీద అభిమానులకుండే కృతజ్ఞత పద్యంలో కనబడాలి. "ఎప్పుడూ రాముడూ కృష్ణుడేనా" అని పోయిన వారం దెప్పినవాళ్ళ కోసమే ఇది. కత్తి అంటే ఏ కత్తో నేను చెప్పను. ప్రాస బెడద లేదు కాబట్టి కొత్తవాళ్ళూ దిగొచ్చు. యతి మాత్రం ఎగ్గొట్టొద్దు.

గోదారి గట్టు:
నాకు ఆటలూ తెలీవు, కంపెనీలూ తెలీవు. కత్తి అంటే మా తాతగారి అటకే గుర్తొచ్చింది.

దసర పండుగ దినమునఁ దాత గదిని
పాతబడినట్టి ఖడ్గము బైటఁ బెట్టి
పసుపు కుంకుమ లద్ది తా భక్తి మీఱ
గడ్డమే రాని బాలుండు కత్తిఁ గొలిచె

పాత నిఘంటువు:
గట్టుగారూ, నడక హాయిగా ఉంది. ద-దా, పా-బై, ప-భ యతులన్నీ కుదిరాయి. రెండో పాదం చదువుతుంటే అటక మీద దుమ్ము కనబడింది. కానీ నియమం ఏమైందండీ? ఆయుధపూజకు స్పాన్సరు ఎవరు?

గోదారి గట్టు:
మా తాతే.

మూడో బెంచీ:
మాస్టారూ, నేను మొదటిసారి రాస్తున్నాను, తిట్టకండి. కౌంటర్‌స్ట్రైక్ అనే ఆటలో 2013 నుంచి రంగురంగుల కత్తులు వచ్చాయి. వాటితో ఆటలో బలమేమీ పెరగదు, చూడ్డానికి అందం అంతే. అయినా వాటి కోసం కుర్రాళ్ళు వేలకు వేలు పోస్తారు.

తెరను మెఱసిన బొమ్మకై తెగువఁ జూపి
యాటలోపల నమ్మెడి యాయుధంబు
నమ్మ యిచ్చిన డబ్బుతో కొనుచు మురిసి
గడ్డమే రాని బాలుండు కత్తిఁ గొలిచె

పాత నిఘంటువు:
తిట్టను నాయనా, మొదటి పద్యానికి ఇది చాలా నయం. మూడో పాదంలో యతి పోయింది. 'నమ్మ'లోని అకారానికి 'కొనుచు'లోని కొ ఎలా సరిపోతుంది? పైగా 'తో' ద్రుతాంతం, అంటే చివర నకారం దాగిన మాట, దాని తర్వాత 'గొనుచు' కావాలి. "నమ్మ యిచ్చిన డబ్బుతో నంది మురిసి" అని మార్చి చూడు, రెండు తప్పులూ ఒక్క దెబ్బకు పోతాయి. 'అంది' అంటే పొంది.

ఇక విషయం. ఇందులో కుర్రాడు సరుకు కొని మురిశాడు, అది కొనుగోలు. కృతజ్ఞత ఎక్కడుంది? అమ్మకు చెప్పాలేమో.

మూడో బెంచీ:
అమ్మకు ఇంకా తెలీదు మాస్టారూ.

జెర్గ్ పురుగు:
నిర్వాహకుడుగారు ఏ కత్తి దాచారో నాకు తెలిసిపోయింది. ఆ సంగతి తెలిసినవాడు ఈ గుంపులో ఇంకొకడు ఉన్నాడని ఇన్నాళ్ళూ అనుకోలేదు.

కొరియ యాటల పోటీకిఁ గూర్చె ధనము
జిలెటు కంపెనీ, గెలిచిన చిన్నవానిఁ
గాంచి, యభిమానమునఁ దల్చి ఘనుల మేలు,
గడ్డమే రాని బాలుండు కత్తిఁ గొలిచె

దక్షిణ కొరియాలో స్టార్‌క్రాఫ్ట్ ఆటకు టీవీ లీగ్ ఉండేది, ఆన్‌గేమ్‌నెట్ అనే ఆటల చానెల్ వాళ్ళది. ఎవరు డబ్బిస్తే లీగ్ పేరు ముందు వాళ్ళ పేరు. 2004లో గడ్డం గీసుకునే బ్లేడ్ల కంపెనీ జిలెట్ వాళ్ళిచ్చారు, అది జిలెట్ స్టార్‌లీగ్ అయింది. గెలిచినవాడు పార్క్ సంగ్ జూన్. ఆటలో మూడు జాతులుంటాయి, అందులో జెర్గ్ అనే పురుగుల జాతితో ఆ లీగ్ గెలిచిన మొట్టమొదటి మనిషి అతనే. నా పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. 2004లో నేను తొమ్మిదో తరగతి, ఇదేం తెలీదు. 2009లో ఇంజనీరింగ్ హాస్టల్లో కేబుల్ లాగి ఆడుకుంటూ, పాత ఆటల వీడియోలు చూస్తూ తెలుసుకున్నాను.

నిర్వాహకుడు:
దొరికిపోయాను. నేను దాచిన కత్తి అదే.

ఒక తమాషా చెప్తాను. ఆ లీగ్ అభిమానులు సీజన్లను అంకెలతో చెప్పుకోరు. మనకు ప్రభవ, విభవ, శుక్ల ఉన్నట్టు వాళ్ళకు కోకాకోలా, జిలెట్, బాకస్, కొరియన్ ఎయిర్. కోకాకోలా 2001లో. బాకస్ అనేది అక్కడ మందుల కంపెనీ తయారుచేసే చిన్న సీసా టానిక్కు లాంటి డ్రింకు, 2008లో. "ఫలానా ఆట ఎప్పుడు?" అంటే "బాకస్‌లో" అంటారు. కంపెనీ పేరు అలా పంచాంగంలోకి ఎక్కాక వేరే ప్రకటన ఎందుకు? ఏ హోర్డింగూ అంతకాలం నిలవదు.

పాత నిఘంటువు:
పద్యం బాగుంది. జి-చి, గా-ఘ యతులు చక్కగా పడ్డాయి, రెండో పాదం మధ్యలో విరుపు కూడా అందంగా ఉంది. 'జిలెటు' అని కుదించారు, పేర్లకు ఆ మాత్రం చెల్లుతుంది. ఒక్క అనుమానం. కంపెనీ ఒకటే కదా, 'ఘనుల' అని బహువచనం ఎందుకు?

జెర్గ్ పురుగు:
గౌరవంతో గురువుగారూ. డబ్బిచ్చినవాళ్ళు ఒక్కరైనా బహువచనమే.

అవ్వ చెప్పింది:
అది మాత్రం నిజం. మా ఊరి గుళ్ళో ఒక సీలింగ్ ఫ్యానుంది. మూడు రెక్కల మీదా దాత పేరు, తండ్రి పేరు, ఊరి పేరు. ఫ్యాను తిరిగితే పేరు కనబడదని ఆయన వచ్చినప్పుడు ఆపేసేవారు. చెమటలు కారుతున్నా మేం తలెత్తి పేరు చదివేవాళ్ళం.

ఈ కుర్రాళ్ళ గొడవ నాకు ఇలా తోచింది. వ్యతిరేకంగా రాశానని కోప్పడకండి.

అరువు జెండాల నీడలో నాటఁ జూచి
యమ్ముకొనువాని దైవమం చాత్మ నమ్మి
వలసినప్పుడు విడుతురన్ వార్త మఱచి
గడ్డమే రాని బాలుండు కత్తిఁ గొలిచె

పాత నిఘంటువు:
అమ్మా, "దైవమం చాత్మ" దగ్గర లేచి దండం పెట్టాను. అంచు, ఆత్మ కలిసిన చోట చకారం వెనక అచ్చుకు యతి వేశారు. ఇప్పటి పిల్లలు దీన్ని తప్పనుకుని దిద్దబోతారు. దిద్దకండర్రా, తప్పు కాదు.

గోదారి గట్టు:
"అరువు జెండాల నీడ" అన్న మాటకే నా ఓటు. బ్లేడు కంపెనీకి అక్కడ పనేంటసలు? గడ్డం లేనివాళ్ళకు బ్లేడు అమ్మడమేంటి?

జెర్గ్ పురుగు:
గట్టుగారూ, అక్కడే ఉంది కిటుకు. ఈరోజు లేదు, ఇంకో రెండేళ్ళకు వస్తుంది. మొదటిసారి షాపుకెళ్ళి నిలబడినప్పుడు నోటికొచ్చే పేరు ఏదో, అది వాళ్ళకు కావాలి. నారు పోసేటప్పుడే చేనుకు వచ్చారన్నమాట.

కానీ అవ్వగారి మూడో పాదం నన్ను గుచ్చింది. అది అబద్ధం కాదు. 2011లో ఒకే ఏడాది మూడు స్టార్‌క్రాఫ్ట్ జట్లు మూతపడ్డాయి: హ్వాసంగ్ ఓజ్, ఎంబీసీ గేమ్ హీరో, వీమేడ్ ఫాక్స్. మిగిలిపోయిన ఆటగాళ్ళలో కొందరిని అక్కడి ఈ-స్పోర్ట్స్ సంఘం, అంటే కంప్యూటర్ ఆటల పోటీల సంఘం, చేరదీసి ఒక జట్టు కట్టింది. డబ్బిచ్చేవాడు లేడు కాబట్టి పేరూ లేదు. 'ఎనిమిదో జట్టు' అనేవారు, అంతే. పెళ్ళిపందిట్లో పేరు పెట్టని బిడ్డలా ఉండేది. 2013లో జిన్ ఎయిర్ అనే చౌక టికెట్ల విమాన సంస్థ దాన్ని తీసుకుంది, జిన్ ఎయిర్ గ్రీన్ వింగ్స్ అయింది. 2016 అక్టోబరులో జట్ల మధ్య జరిగే లీగ్‌ను మొత్తానికే మూసేశారు. పెద్ద పెద్ద టెలిఫోన్ కంపెనీలు స్టార్‌క్రాఫ్ట్ జట్లను రద్దు చేసుకున్నాయి. ఆరోజు జట్టును వదలకుండా నిలబడినవాళ్ళలో ఈ చౌక టికెట్ల వాళ్ళున్నారు.

కొరియా ఎప్పుడూ వెళ్ళనివాడు, ఆ విమానం ఎప్పుడూ ఎక్కనివాడు, నాలాంటివాడు, వాళ్ళ పేజీకి వెళ్ళి "థాంక్స్" అని రాస్తే అది భజన అంటారా అవ్వా?

అవ్వ చెప్పింది:
పేరు పెట్టని బిడ్డ అన్నావు చూడు, అక్కడ కొంచెం తగ్గాను. పూర్తిగా కాదు.

నిర్వాహకుడు:
ఈ తగువు మనకు కొత్తది కాదు. శ్రీనాథుడు హరవిలాసాన్ని రాజుకు కాదు, అవచి తిప్పయ సెట్టికి అంకితమిచ్చాడు. ఓడల మీద సుగంధద్రవ్యాలు తెప్పించి అమ్మిన వర్తకుడు ఆయన. స్పాన్సరు అంటే నాకు ముందుగా గుర్తొచ్చేది ఆయనే. సమస్యకు సంబంధం లేదు గానీ, ఉబలాటం ఆపుకోలేక ఒక కందం.

తిప్పయ సెట్టికిఁ గృతి నిడి
తప్పా శ్రీనాథసుకవి ధనమును గొన్నన్?
చెప్పెదఁ గొలువున నేనును
మెప్పును గత్తుల దొరలకు మేలని వినతుల్

పాత నిఘంటువు:
ప్రాస, యతి, ఆరో గణంలో నలం, అన్నీ సరే. వాదన మాత్రం కుంటుతోంది. శ్రీనాథుడు తాను పుచ్చుకున్నవాడు, తాను పొగిడాడు. మీ అభిమాని ఏం పుచ్చుకున్నాడని పొగుడుతున్నాడు?

జెర్గ్ పురుగు:
ఆట పుచ్చుకున్నాడు గురువుగారూ. టికెట్ లేకుండా.

పాత నిఘంటువు:
ఊఁ.

మూడో బెంచీ:
మాస్టారూ, నేనొక సమస్య ఇవ్వొచ్చా? ఆటవెలదిలో చివరి పాదం.

నేల నున్న పక్షి నింగిఁ జూపె

జెర్గ్ పురుగు:
తమ్ముడూ, నీకూ తెలుసన్నమాట! ఇది నాదే, ఎవరూ ముట్టుకోవద్దు.

రెండువేల పదిని రెక్కలు ముడిచిన
పక్షిశాలలోనఁ బందె మాడ
నోడి రెండు, మూఁట నొక్కఁడే గెలువఁగ
నేల నున్న పక్షి నింగిఁ జూపె

2010లో కొరియన్ ఎయిర్ వాళ్ళు లీగ్‌కు డబ్బిచ్చారు. స్టార్‌క్రాఫ్ట్ బొమ్మ వేసిన పెద్ద విమానాన్ని కూడా తిప్పారు. మేలో ఫైనల్ ఎక్కడ పెట్టారనుకున్నారు? సియోల్‌లో గింపో విమానాశ్రయంలో, విమానాలు నిలిపే షెడ్డులో. అప్పట్లో ఫ్లాష్ అనే కుర్రాణ్ణి ఓడించడం మాటలు కాదు. ఎఫర్ట్ అనేవాడు మొదటి రెండు ఆటలూ ఓడి, తర్వాత మూడూ వరసగా గెలిచాడు. అతనిదీ జెర్గే. అది ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

పాత నిఘంటువు:
ఇప్పటిదాకా వచ్చినవాటిలో ఇది మేలైన పూరణ. "రెక్కలు ముడిచిన పక్షిశాల" అని విమానాల షెడ్డుకు చెప్పడం నాకు చాలా నచ్చింది. రెండు ఓటములు, మూడు గెలుపుల లెక్కను మూడో పాదంలో అంత పొదుపుగా ఇరికించడమూ బాగుంది. కానీ 'పందె మాడ' కుదరదు. పందెం అంటే జూదం. పోటీకి, పందేనికి తేడా చెరిపేస్తే ఎలా? మన దేశంలోనే 2025లో డబ్బు కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించిన చట్టం ఈ-స్పోర్ట్స్‌ని వేరుగా గుర్తించింది. పద్యం చట్టం కన్నా వెనకబడకూడదు.

జెర్గ్ పురుగు:
అయ్యో, అదీ సరిగ్గా 2010 గురించి రాస్తూ! ఆ వసంతంలోనే అక్కడ డబ్బు తీసుకుని ఆటలు ఓడిపోయినవాళ్ళ బాగోతం బయటపడింది. అభిమానులు తల ఎత్తుకోలేకపోయిన రోజులు. స్పాన్సర్లు వెళ్ళిపోతారేమోనని ఒకటే టెన్షన్. అలాంటప్పుడు ఒక విమాన సంస్థ తన షెడ్డు తలుపులు తీసిందంటే ఎంత ఊరటో మీకెలా చెప్పను? ఆ పద్యంలో పోయి పోయి 'పందెం' అన్నాను. దిద్దండి గురువుగారూ.

పాత నిఘంటువు:
"పక్షిశాలలోన బరిని నిలుప". ప-బ యతి అలాగే నిలిచింది, జూదం పోయింది.

అవ్వ చెప్పింది:
ఇందాక తగ్గానన్నాను కదా, ఇంకొంచెం తగ్గాను. మనవడు "స్పాన్సర్లకు థాంక్స్" అని వీడియో చివర చెప్పినప్పుడల్లా కసిరేదాన్ని. ఈసారి కసరను. సరేగానీ పురుగు బాబూ, ఇంత పొగిడావే, ఇప్పుడు నీకు గడ్డం వచ్చిందిగా. ఆ కంపెనీ కత్తే వాడుతున్నావా?

జెర్గ్ పురుగు:
ట్రిమ్మర్, అవ్వా. వేరే కంపెనీది.