నేపాల్‌కి రోడ్డు దారిన వెళ్తున్నాం, నాన్నగారి దగ్గర ఆధార్ ఒక్కటే ఉంది. సునౌలి బోర్డర్ దగ్గర ఏ కాగితాలు అడుగుతారు?

తెనాలి_వాసి:

అందరికీ నమస్కారం. దసరా సెలవుల్లో ఇంటిల్లిపాదీ నేపాల్ యాత్ర పెట్టుకున్నాం. విజయవాడలో రప్తీసాగర్ ఎక్కి గోరఖ్‌పూర్‌లో దిగి, అక్కడ బండి మాట్లాడుకుని సునౌలి వెళ్లి, బోర్డర్ దాటి లుంబిని, పోఖరా, ముక్తినాథ్, చివర్లో ఖాట్మండులో పశుపతినాథుడి దర్శనం. అన్ని రోజులు తిరిగాక అమ్మానాన్నలు మళ్లీ రైలు ప్రయాణం చేయలేరని, వచ్చేటప్పుడు మాత్రం ఖాట్మండు నుంచి ఢిల్లీకి విమానంలో వద్దామని అనుకుంటున్నాం.

మొత్తం ఎనిమిది మందిమి. నాకూ నా భార్యకూ పాస్‌పోర్టులు ఉన్నాయి. అమ్మకి 67, ఆధార్ ఉంది, పాత నలుపు తెలుపు ఓటరు కార్డు కూడా ఉంది కానీ అందులో ఫొటో ఎవరిదో గుర్తుపట్టలేనంత మాసిపోయింది. నాన్నకి 63, ఇల్లు మారినప్పుడు ఓటరు కార్డు పోయింది, ఆధారూ పాన్ కార్డూ ఉన్నాయి. బాబుకి 16, ఇంటర్ మొదటి సంవత్సరం. పాపకి 12. వీళ్లిద్దరికీ ఆధార్, చదువుకునే చోట ఇచ్చిన ఐడీ కార్డు. ఇక డల్లాస్ నుంచి మా చెల్లి తన కూతురితో వస్తోంది. చెల్లిది ఇండియన్ పాస్‌పోర్టే, మేనకోడలు అక్కడే పుట్టింది కాబట్టి అమెరికా పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న మన సంతతివాళ్లకి ఇండియా ఇచ్చేది) ఉన్నాయి, వయసు 11.

ఇక్కడ యాత్రలు నడిపే ఒకాయన్ని అడిగితే "ఆధార్ చాలు సార్, బోర్డర్‌లో ఎవరూ చూడరు" అన్నాడు. నా భార్య ఆ మాట నమ్మట్లేదు, నాకూ టెన్షన్‌గానే ఉంది. మా ఇంట్లో నాయనమ్మ కాలం నుంచి పూజలో సాలగ్రామం ఉంది, అవి దొరికే గండకీ నది ఒడ్డున ఒక్కసారైనా నిలబడాలని నాన్న ఎన్నో ఏళ్లుగా అనుకుంటున్నారు. తీరా అంత దూరం వెళ్లాక కాగితం లేదని ఆపేస్తే ఆయన తట్టుకోలేరు. ఈ మధ్య వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా వివరంగా చెప్పండి.

గోరఖ్‌పూర్_లో_ఏడేళ్లు:

నేను ఉద్యోగరీత్యా అక్కడ ఏడేళ్లు ఉన్నాను, మనవాళ్లు ఎవరొచ్చినా సునౌలి దాకా నేనే దిగబెట్టేవాణ్ణి. ముందు ఒక విషయం. 1950 ఒప్పందం వల్ల మనకి నేపాల్‌కి వీసా అక్కర్లేదు, అక్కడివాళ్లకి ఇక్కడా అక్కర్లేదు. గేటు దగ్గర మన వైపు సశస్త్ర సీమా బల్ వాళ్లు ఉంటారు, కొన్నిసార్లు కార్డు అడుగుతారు, కొన్నిసార్లు సంచులు మాత్రం చూసి పంపిస్తారు. రోజూ వేలమంది కూరగాయలకీ పెళ్లిళ్లకీ అటూఇటూ నడిచే దారి అది. మీకు చెప్పినాయన చూసింది అదే, అందుకే ఆధార్ చాలన్నాడు. కానీ వీసా అక్కర్లేదంటే కార్డు అక్కర్లేదని కాదండి. మనవాళ్లకి చెల్లే కాగితాలు రెండే, పాస్‌పోర్టు లేదా ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు. 15 లోపు పిల్లలకీ 65 దాటిన పెద్దలకీ మాత్రం వయసూ మనిషీ తెలిసేలా వేరే ఫొటో కార్డు ఉంటే సరిపోతుంది, 2019 నుంచి అందులో ఆధార్‌ని కూడా చేర్చారు. అంటే మీ అమ్మగారికీ పాపకీ ఆధార్‌తో నడుస్తుంది. నాన్నగారికి నడవదు.

బాబు సంగతి చాలామంది మర్చిపోతారు. 15 నుంచి 18 మధ్య వాళ్లకి ప్రిన్సిపాల్ ఇచ్చే గుర్తింపు పత్రం కావాలి, దానికి ఒక నిర్ణీత నమూనా ఉంది, ఐడీ కార్డు చూపిస్తే సరిపోదు. సెలవులు ఇవ్వకముందే కాలేజీలో అడిగి ఫొటో మీద ముద్ర పడేలా తీసుకోండి. నన్నడిగితే ఆ వయసు పిల్లాడికి పాస్‌పోర్టే తీసేయడం మేలు, రేపు చదువుకైనా పనికొస్తుంది.

అసలు చిక్కు మీ తిరుగు ప్రయాణంలో ఉంది. నడిచి దాటేచోట చూసీచూడనట్టు వదిలేస్తారేమో గానీ ఖాట్మండు విమానాశ్రయంలో అలా కుదరదు, టికెట్ కౌంటర్ దగ్గరే ఆపేస్తారు.

వరంగల్_కోడలు:

పైన చెప్పింది అక్షరాలా నిజం, మా ఇంట్లోనే జరిగింది. మా మామయ్యగారికి అప్పుడు 61. సునౌలిలో ఆధార్ చూపించి హాయిగా లోపలికి వెళ్లారు, ఎవరూ ఏమీ అనలేదు, పది రోజులు తిరిగారు. వచ్చేరోజు విమానాశ్రయంలో ఆధార్ చూపిస్తే బోర్డింగ్ పాస్ ఇవ్వం అని చెప్పేశారు. ఎంత బతిమాలినా లాభం లేకపోయింది, వాళ్ల నిబంధన వాళ్లది. మిగతావాళ్లు ఎక్కేశారు, మా వారు ఒక్కరూ ఆయనతో ఆగిపోయారు. లైన్‌చౌర్‌లో ఉన్న మన ఎంబసీకి వెళ్తే అక్కడ ఎమర్జెన్సీ సర్టిఫికెట్ అని ఇస్తారు, ఒక్కసారి ఇండియాకి తిరిగిరావడానికి మాత్రమే పనికొస్తుంది. మధ్యలో శనివారం వచ్చింది, నేపాల్‌లో శనివారం సెలవు అన్న సంగతి కూడా మాకు తెలియదు. ఆగి ఆ కాగితం తీసుకునే ఓపిక ఆయనకి లేక చివరికి బస్సులో రాత్రంతా కూర్చుని మళ్లీ సునౌలి మీదుగానే వచ్చారు. షుగర్ ఉన్న మనిషి, కాళ్లు వాచిపోయాయి. టికెట్ డబ్బులు పోయినా బాధ లేదు గానీ ఆయన పడ్డ అవస్థ తలుచుకుంటే ఇప్పటికీ కళ్లలో నీళ్లు వస్తాయి. దయచేసి మీ నాన్నగారికి కార్డు చేతికొచ్చే వరకు విమానం టికెట్ కొనకండి.

ఓటరు కార్డు పోతే ఫారం 8 పెట్టుకోవాలి. పోయిన కార్డుకీ, పేరులో తప్పులకీ, ఇల్లు మారినందుకూ అన్నింటికీ అదే ఫారం. ముందు జాబితాలో పేరు ఉందో లేదో చూడండి, ఇల్లు మారారన్నారు కాబట్టి తీసేసి ఉండొచ్చు, అలా అయితే ఫారం 6 పెట్టి కొత్తగా చేర్పించుకోవాలి. అమ్మగారికి కూడా ఇదే ఊపులో కొత్త కార్డు పెట్టేయండి.

సిద్దిపేట_శ్రీను:

అన్నా, కుటుంబం అంతా కలిసి పోతుంటే ఒక పెద్ద మనిషికి సరైన కార్డు ఉంటే చాలు, మిగతావాళ్లకి ఫొటో ఉండి చుట్టరికం తెలిసే రేషన్ కార్డో, డ్రైవింగ్ లైసెన్సో ఉన్నా పంపిస్తరు అని రూల్ ఉంది కదా. మేము 2017లో అట్లనే పోయినం, రోడ్డు మీద ఎవ్వరూ ఆపలే.

గోరఖ్‌పూర్_లో_ఏడేళ్లు:

శ్రీను గారూ, ఆ వెసులుబాటు ఉంది, కాదనను. కానీ దాన్ని నమ్ముకుని విమానం టికెట్ కొనమని మాత్రం ఎవరికీ చెప్పను. రోడ్డు మీద అధికారి మీ మాట వింటాడు, కుటుంబాన్ని కళ్లతో చూస్తాడు, పెద్దాయన ముఖం చూసి వదిలేస్తాడు. విమాన సంస్థ ఉద్యోగికి ఆ వీలు ఉండదు. పైగా మన కార్డుల్లో పేర్లు ఒకదానితో ఒకటి కలవవు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క పొడి అక్షరం ఉంటుంది, రేషన్ కార్డులో ముందూ వెనకా తారుమారు. మనకి అది మామూలే, అటువైపు వాళ్లకి తండ్రీకొడుకులు కూడా వేరే కుటుంబాల్లా కనిపిస్తారు. పాత ఆధార్లలో పుట్టిన సంవత్సరం ఒక్కటే ఉంటుంది, అమ్మగారిది అలా ఉంటే పూర్తి తేదీతో సరిచేయించండి. ఆవిడకి ఆధార్ చెల్లేదే వయసు చూసి కాబట్టి, ఆ తేదీ మీద ఎవరికీ అనుమానం రాకూడదు.

ఫ్రిస్కో_అమ్మ:

మీ మేనకోడలి గురించి నేను చెప్తాను, ఎందుకంటే రెండేళ్ల క్రితం మా పాపతో సరిగ్గా అక్కడే పొరపాటు చేశాను. ఓసీఐ ఉంటే ఇండియన్‌తో సమానం అనుకున్నాం. ఓసీఐ ఇండియాలోకి రావడానికి మాత్రమే, నేపాల్ లెక్కలో ఆ పిల్ల అమెరికన్, అంతే. వీసా తీసుకోవాలి. బోర్డర్‌లోనే ఇస్తారు, 15 రోజులకి 30 డాలర్లు, 30 రోజులకి 50. డాలర్ నోట్లు చిరుగులూ మడతలూ లేనివి పట్టుకెళ్లండి. నేపాల్ ఇమిగ్రేషన్ సైటులో దరఖాస్తు ముందే నింపి ప్రింటు తీసుకుంటే సమయం కలిసొస్తుంది. పాస్‌పోర్టుకి ఇంకా ఆరు నెలల గడువు ఉండాలి, ఫొటోలు కూడా దగ్గర పెట్టుకోండి.

మేము చేసిన తప్పేంటంటే, మాతో ఉన్నవాళ్లంతా ఇండియన్లు, బండి ఎక్కడా ఆగకుండా గేటు దాటేసింది, ఎవరూ ఆపలేదు కాబట్టి అంతా సరిగ్గానే ఉందనుకున్నాం. భైరహవా హోటల్లో పాస్‌పోర్టు తిరగేసి వీసా ఏదని అడిగారు. అప్పుడు నా గుండె ఆగినంత పనైంది. చీకటి పడే వేళ పిల్లని తీసుకుని వెనక్కి వచ్చి, ముందు ఇండియా వైపు బయటికి వెళ్తున్నట్టు స్టాంపు, తర్వాత బెలహియాలో నేపాల్ వీసా, స్టాంపు వేయించుకున్నాం. వాళ్లు మంచిగా మాట్లాడారు, అదే రోజు వచ్చాం కాబట్టి సరిపోయింది. అందుకని డ్రైవర్‌కి ముందే గట్టిగా చెప్పండి, రెండు వైపులా ఇమిగ్రేషన్ ఆఫీసుల దగ్గర ఆగాలని. అవి రోడ్డు పక్కన చిన్న భవనాలు, వెతుక్కుని మీరే వెళ్లాలి, ఎవరూ పిలవరు. వచ్చేటప్పుడు విమానం కాబట్టి ఖాట్మండులోనూ ఢిల్లీలోనూ స్టాంపులు అవే పడతాయి, కానీ నేపాల్‌లోకి వచ్చిన స్టాంపు లేకపోతే ఖాట్మండులో సమాధానం చెప్పుకోలేరు.

ఇంకొకటి, మీ మేనకోడలి పాస్‌పోర్టు ఈమధ్య మారి ఉంటే ఓసీఐ సైటులో కొత్త పాస్‌పోర్టు అప్‌లోడ్ చేశారో లేదో చెల్లిని అడగండి. తండ్రి రావట్లేదన్నట్టుంది, ఆయన దగ్గర నోటరీ చేయించిన అనుమతి ఉత్తరం ఒకటి తెచ్చుకోమనండి. నన్నెవరూ అడగలేదు, అయినా పిల్లతో దేశాలు దాటేటప్పుడు ఆ కాగితం సంచిలో ఉంటే మనసు కుదుటగా ఉంటుంది.

తెనాలి_వాసి:

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియట్లేదు. మేనకోడలి విషయం అసలు ఆలోచించలేదు, ఓసీఐ ఉందిగా అని వదిలేశాను, ఇప్పుడే చెల్లికి మెసేజ్ పెట్టాను. నాన్న పేరు జాబితాలో చూశాను, పాత ఇంటి అడ్రసుతో ఇంకా ఉంది, ఫారం 8 పెట్టేశాను. వరంగల్ కోడలు గారూ, మీ మామయ్యగారి సంగతి చదివి నాన్నకి కూడా వినిపించాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చుని, "నా ఒక్కడి వల్ల అందరూ ఆగిపోవద్దు, మీరు వెళ్లిరండి" అన్నారు. అది విన్నాక ఆయన లేకుండా వెళ్లే ప్రసక్తే లేదు. ఒకవేళ కార్డు సమయానికి రాకపోతే ఏం చేయాలి? గోరఖ్‌పూర్ నుంచి బండి నేరుగా పోఖరా దాకా తీసుకెళ్లొచ్చా?

గోరఖ్‌పూర్_లో_ఏడేళ్లు:

కార్డు రాకపోతే విజయవాడలోనే తత్కాల్‌లో పాస్‌పోర్టు పెట్టండి. ఈ వయసులో పాస్‌పోర్టు ఎందుకని నాన్నగారు అంటారు, వినకండి.

బండి విషయం, ఇక్కడి బండి లోపలికి వెళ్లాలంటే నేపాల్ కస్టమ్స్‌లో భన్సార్ అనే సుంకం కట్టాలి, రోజుల లెక్కన. ఆర్‌సీ, ఇన్సూరెన్స్, లైసెన్స్ అసలువి చూపించాలి. ఎన్ని రోజులకి కట్టారో అంతకు మించి ఒక్కరోజు ఉన్నా జరిమానా. మీకు ఆ తలనొప్పి వద్దు. సునౌలిలో బండి వదిలేసి, నడిచి గేటు దాటి, అటువైపు నేపాల్ బండి మాట్లాడుకోండి. నడిచి వెళ్తే మేనకోడలి స్టాంపులు మర్చిపోయే ప్రమాదం కూడా ఉండదు.

ముక్తినాథ్‌కి అన్నపూర్ణ ప్రాంతం పర్మిట్ వేరే తీసుకోవాలి, పోఖరాలో ఇస్తారు, ఫొటోలు కావాలి. మనకి 1,000 నేపాలీ రూపాయలు, అంటే మన డబ్బు 625. మేనకోడలికి విదేశీయుల లెక్కన 3,000. ఇక్కడ కూడా ఆ పిల్ల పాస్‌పోర్టే చూస్తారు. గుడి 3,700 మీటర్ల పైన ఉంది కాబట్టి పెద్దవాళ్లని వెళ్లేముందు డాక్టరుకి చూపించండి. డబ్బు వంద నోట్లలో పెట్టుకోండి, పెద్ద నోట్లు తీసుకోని దుకాణాలు చాలా ఉన్నాయి.

తెనాలి_వాసి:

సరేనండి. రేపు కాలేజీకి వెళ్లి బాబు పత్రం సంగతి ప్రిన్సిపాల్ గారితో మాట్లాడతాను, నాన్నకి పాస్‌పోర్టు స్లాట్ కూడా చూస్తున్నాను. రైలు టికెట్లు ఇవాళ తీసేస్తున్నాను. విమానం టికెట్లు మాత్రం నాన్న చేతిలో కార్డో పాస్‌పోర్టో పడ్డాకే.