సిలిండర్ ఖాళీ అవుతున్న కొద్దీ శ్వాస బరువెక్కుతోంది: రెగ్యులేటర్‌ను సవరించవచ్చా?

ప్రశ్న — రుషికొండ_డైవర్

అందరికీ నమస్కారం. నా స్కూబా రెగ్యులేటర్‌లో (నీటి అడుగున సిలిండర్ గాలిని శ్వాసకు అందించే పరికరం) సిలిండర్‌కు బిగించే భాగమైన ఫస్ట్ స్టేజ్ అన్‌బ్యాలెన్స్‌డ్ పిస్టన్ రకం. నోటిలో పెట్టుకునే భాగమైన సెకండ్ స్టేజ్ పక్కన, శ్వాస తేలికను సవరించేందుకు తిప్పే నాబ్ ఉంది. సిలిండర్ నిండుగా ఉన్నప్పుడు శ్వాస హాయిగానే ఆడుతుంది గానీ, ప్రెషర్ 60 బార్‌కు దిగేసరికి, అందులోనూ 20 మీటర్లు దాటిన లోతులో, గాలిని బలవంతంగా లాక్కోవలసి వస్తోంది. నాబ్‌ను పూర్తిగా వదులు చేసినా పెద్ద తేడా లేదు. సెకండ్ స్టేజ్ లోపలి ఆరిఫిస్‌ను (గాలి వచ్చే సన్నని రంధ్రమున్న భాగం) కొద్దిగా తిప్పితే చాలని తోటి డైవర్ ఒకరు అన్నారు. ఆ పని చేయవచ్చా? తెలిసినవారు దయచేసి వివరించండి.

జవాబు — సర్వీస్_గది

ఆరిఫిస్ జోలికి వెళ్ళే ముందు, సిలిండర్ వాల్వ్ పూర్తిగా తెరిచి, ఒడ్డునే సెకండ్ స్టేజ్ మీది పర్జ్ బటన్ (పీల్చకుండానే గాలిని వదిలేది) నొక్కుతూ ప్రెషర్ గేజ్ ముల్లును గమనించండి. గాలి వెళ్ళినప్పుడల్లా ముల్లు పడి లేస్తుంటే దారి ఎక్కడో ఇరుకైందని అర్థం. వాల్వ్ సరిగా తెరుచుకోకపోయినా, ఫస్ట్ స్టేజ్ ముఖద్వారంలోని ఫిల్టర్ పూడుకుపోయినా అలాగే జరుగుతుంది. ఫిల్టర్ మీద పచ్చని చిలుము కనిపిస్తే ఉప్పునీరు లోపలికి చేరిందేమోనని అనుమానించి, వెంటనే సర్వీస్‌కు ఇవ్వండి.

ముల్లు నిలకడగా ఉంటే, మీరు చెబుతున్నది చాలావరకు ఆ రకం ఫస్ట్ స్టేజ్ స్వభావమే. ఫస్ట్ స్టేజ్ సిలిండర్‌లోని 200 బార్ ప్రెషర్‌ను, చుట్టూ ఉన్న ఒత్తిడి కంటే సుమారు 9 నుంచి 10 బార్ ఎక్కువగా ఉండే మధ్యస్థ ప్రెషర్‌కు తగ్గించి గొట్టంలోకి పంపుతుంది. బ్యాలెన్స్‌డ్ రకంలో సిలిండర్ ఖాళీ అవుతున్నా ఈ ప్రెషర్ దాదాపు మారదు. అన్‌బ్యాలెన్స్‌డ్ పిస్టన్‌లో మాత్రం సిలిండర్ గాలి పిస్టన్‌ను తెరుచుకునే వైపు నెడుతూ ఉంటుంది కాబట్టి, ఆ తోపు తగ్గేకొద్దీ మధ్యస్థ ప్రెషర్ కూడా తగ్గిపోతుంది. దీనికి లోతు తోడవుతుంది. 30 మీటర్ల దగ్గర పీల్చే గాలి సాంద్రత ఒడ్డున ఉన్నదానికి నాలుగు రెట్లు. డైవింగ్ పరికరాల యూరోపియన్ ప్రమాణమైన ఈఎన్ 250 రెగ్యులేటర్లను 50 మీటర్ల లోతుకు సమానమైన ఒత్తిడిలో, నిమిషానికి 62.5 లీటర్ల శ్వాసతో పరీక్షించి, పీల్చే గాలి లీటరుకు 3 జౌల్‌లకు మించిన శ్రమ ఉండరాదని నియమం పెట్టింది. ఒడ్డున రెండుసార్లు పీల్చి బాగుందనుకుంటే చాలదు.

జవాబు — అండమాన్_బోధకుడు

పై మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. సెకండ్ స్టేజ్ ఎంత తేలికగా తెరుచుకుంటోందో తెలుసుకునేందుకు ఒక సులువైన పరీక్ష ఉంది. నాబ్ పూర్తిగా వదులు చేసి, నిండు సిలిండర్‌కు బిగించిన సెకండ్ స్టేజ్‌ను మౌత్‌పీస్ పైకి ఉండేలా పట్టుకుని, బకెట్ నీటిలోకి నెమ్మదిగా దించండి. సన్నగా బుస్సుమని గాలి మొదలైన క్షణంలో డయాఫ్రమ్ (ఒత్తిడికి లోపలికి వంగి గాలి దారిని తెరిచే పలుచని పొర) నీటి మట్టానికి ఎంత కింద ఉందో, తెరుచుకునేందుకు కావలసిన ఒత్తిడి అంత. అది 2.5 నుంచి 3.5 సెంటీమీటర్ల మధ్య ఉంటే సాధారణంగా సవరణ అవసరం లేదు. అంతకంటే తేలిక చేస్తే, నీటిలో తల ఒక వైపు తిప్పగానే గాలి దానంతటదే కారిపోతుంది.

కొన్ని సెకండ్ స్టేజ్‌ల మీద ఉండే వెంచురీ మీట వేరు. అది తెరుచుకునే శ్రమను తగ్గించదు; గాలి మొదలయ్యాక ప్రవాహం సాగేందుకు మాత్రమే సాయపడుతుంది.

రుషికొండ_డైవర్

బకెట్ పరీక్ష చేశాను; 3 సెంటీమీటర్ల దగ్గర గాలి మొదలైంది. గేజ్ ముల్లు కదలలేదు. సిలిండర్ తగ్గాక ఆరిఫిస్‌ను తేలిక చేసుకుంటే ఎలా ఉంటుంది?

జవాబు — సర్వీస్_గది

అలా చేయవద్దని గట్టిగా చెబుతున్నాను. తక్కువ ప్రెషర్ దగ్గర తేలికగా సరిచేసిన సెకండ్ స్టేజ్, మర్నాడు నిండు సిలిండర్ తగిలించగానే ఆగకుండా గాలి వదిలేస్తుంది. అందుకే ఈ రకాన్ని నిండు సిలిండర్‌తోనే సరిచేస్తారు. పైగా పర్జ్ నొక్కి సీటును (ఆరిఫిస్‌ను మూసి ఉంచే ముక్క) ఎత్తి ఉంచకుండా ఆరిఫిస్‌ను తిప్పితే, దాని అంచు మెత్తని సీటును కోసేస్తుంది. శిక్షణ లేకుండా ఆ పనికి దిగకండి. మీ సెకండ్ స్టేజ్ బాగానే ఉంది. సర్వీస్‌లో మధ్యస్థ ప్రెషర్‌ను నిండు సిలిండర్‌తోనూ, 50 బార్ దగ్గరా కొలిచి చూపమని అడగండి. ఆ తేడా తయారీదారు చెప్పిన హద్దులోనే ఉండి, లోతు డైవ్‌లు తరచుగా చేయదలిస్తే, బ్యాలెన్స్‌డ్ ఫస్ట్ స్టేజ్‌కు మారడమే సరైన పరిష్కారం.